మోతీబాయి ఏడవని రోజు

వాడపల్లి చుట్టుపక్కల తండాల్లో మోతీబాయి ఏడుపుకు పేరు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. కొందరికి పాటకు పేరుంటుంది, కొందరికి వంటకు పేరుంటుంది, ఈవిడకు ఏడుపుకు. లంబాడీ ఆడవాళ్ళు ఏడవడమంటే మనలాగా కొంగు నోట్లో కుక్కుకొని ముక్కు చీదుకోవడం కాదు. చాన్నాళ్ళకు ఆడకూతురు పుట్టింటికి వచ్చిందనుకోండి. గుడిసె ముందరే తల్లీబిడ్డలు ఒకరి మెడ ఒకరు పట్టుకొని, తలలు ఆనించి, రాగం తీసి ఏడుస్తారు. అంతా ఆ ఏడుపులోనే ఉంటుంది. ఎవరు పోయారు, ఎవరు పుట్టారు, అత్త ఏమన్నది, నువ్వు లేక నేనెట్లా వేగాను, అన్నీ. చిన్నది ముందు ఎత్తుకోవాలి, పెద్దది అందుకోవాలి. అది అయ్యాకే మంచినీళ్ళు, అది అయ్యాకే "బాగున్నావా" అనే మాట. ఏడవకుండా పలకరించేది పరాయివాళ్ళనే. సొంతవాళ్ళను అట్లా పలకరించారంటే ఇక తెంచుకున్నట్టే లెక్క.

అలాంటి మనుషుల్లో కూడా మోతీబాయి ఏడుపంటే ప్రత్యేకం. పెళ్ళిళ్ళకు పిలుచుకుపోయేవాళ్ళు. ఆవిడ ఎత్తుకుంటే మేకలు కూడా మేత మానేసి నిలబడతాయని మొగుడు సోమ్లా వేళాకోళం చేసేవాడు. వేళాకోళమే గానీ లోపల గర్వం. వాళ్ళకు ఉన్నది ఒక్కతే కూతురు, సక్కుబాయి. దానికీ ఈ విద్య తల్లే నేర్పింది. దాని పెళ్ళప్పుడు ఇద్దరూ పట్టుకొని ఏడుస్తుంటే పెళ్ళివారి బండి కదిలేసరికి మధ్యాహ్నమైంది. "ఇగ సాలు తియ్యుండ్రి, పిల్ల పక్క తండాకే పోతున్నది, ఏరు దాటి పోతలేదు" అని పెద్దమనుషులు కసిరితే గానీ విడవలేదు.

పాపం, ఏరు దాటే పోవలసి వచ్చింది. పోలీసు యాక్షన్‌కు ముందటి ఎండాకాలం అది. కాలం కలిసిరాకపోతే తాడే పామై కరుస్తుందంటారు. తుపాకులు పట్టిన మనుషులు తండా మీద పడి గుడిసెలకు నిప్పు పెట్టారు. ఎవరికి అన్నం పెట్టినవో చెప్పమని సోమ్లాను చింతచెట్టుకు కట్టి మోకాలి చిప్ప పగిలేదాకా కొట్టారు. అప్పటినుంచి వాడికి మంచమే లోకం. ఆ రోజు పుట్టింట్లోనే ఉన్న సక్కుబాయి, దాని మొగుడు ఎద్దులను ఏట్లో ఈదించి, తాము పుట్టి, అదే బుట్టపడవ, ఎక్కి కృష్ణ దాటిపోయారు. ఆ పొగలో, ఆ కేకల్లో మోతీబాయికి అర్థమైంది ఒక్కటే. తండ్రి కాలు విరిగి పడివుంటే కూతురు ఎద్దులను తోలుకొని పోయింది.

"ముసలోణ్ణి కుక్కలకిడిసి ఎడ్లను బతికిచ్చుకున్నది. అది నా బిడ్డే కాదు. నాకు బిడ్డ లేదు, పో!" అని ఫకీరాతో అనేసింది. ఫకీరా వాళ్ళ తండావాడే, పశువుల బేరగాడు. సూర్యాపేట అంగడి నుంచి కోదాడ మీదుగా జగ్గయ్యపేట దాకా తిరిగే మనిషి. పెదవి దాటిన మాట పృథివి దాటుతుందని ఊరికే అన్నారా! ఆ మాట ఫకీరా నోట పడి, కృష్ణ దాటి, సక్కుబాయి చెవిన పడింది.

కొన్నాళ్ళకు ఒళ్ళు తెలిసిన సోమ్లా మంచం మీది నుంచి అసలు సంగతి చెప్పాడు. "నేనే పొమ్మన్ననే. ఆళ్ళు వస్తున్నరని తెలిసినంక బిడ్డ మానమన్న దక్కుతదని నేనే తరిమిన. పోను బాపూ అని నా కాళ్ళు పట్టుకుంటే కట్టెతోని కొట్టి పంపిన."

మోతీబాయి తన నోటి మీద తనే కొట్టుకుంది. అంత మాట తానెందుకు అన్నది? ఎవరు అనమన్నారు? ఏడాది దాటాక ఫకీరా మళ్ళీ కబురు తెచ్చాడు. "బెజవాడ అవతల బందరు కాలవ మీద, సముద్రం దిక్కు, మట్టిపని ముఠాల ఉన్నది. సంకల పసిగుడ్డు. ఒక్కటే మాట అడిగింది మోతీ. 'నేను ఎదురుపడితె యాడి నన్ను పట్టుకొని ఏడుస్తదా' అన్నది." యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ.

ఆ రోజు నుంచి మోతీబాయికి తిండి సహించలేదు. అన్న మాట వెనక్కి తీసుకోవాలంటే కబురు పెడితే సరిపోదు. తానే పోయి, బిడ్డ మెడ పట్టుకొని, ఏడవాలి. ఏడ్చి ఆ మాటను కడిగెయ్యాలి. అంతకు మించి ఈ బతుకులో ఆవిడకు కావలసిందేమీ లేదు. కానీ బెజవాడ ఎక్కడ, తానెక్కడ! మిర్యాలగూడెం దాటి లోకం చూసిన మనిషి కాదు.

ఆ మిర్యాలగూడెంలోనే చంద్రమౌళి అని పప్పుల వ్యాపారి ఉండేవాడు. ఆయన ఇంటికి మోతీబాయి ఏటా సీతాఫలాలూ మోదుగాకులూ వేసేది. గడబిడ కాలమంతా తలుపులు బిడాయించుకొని బతికిన ఆ సేటుకు, దీపావళి వెళ్ళాక, పడవ షికారు సరదా పుట్టింది. వాడపల్లి సంగమంలో మునిగి, గూటి పడవ మాట్లాడుకొని, కృష్ణ వెంబడి వండుకుంటూ తింటూ పోవాలి. అమరావతి చూడాలి, బెజవాడ దుర్గమ్మకు మొక్కాలి, అక్కడినుంచి బందరు కాలవలో భార్య సుగుణమ్మ మేనమామ ఊరికి పోవాలి. ఆ ఊళ్ళో పెద్దకొడుక్కు పిల్లను ఖాయం చేసుకొని తాంబూలాలు పుచ్చుకోవాలి. సేటు తల్లి కృష్ణమ్మకు మోకాళ్ళు పోయాయి. అయినా "నన్ను ఇడిసిపోతే ఏట్ల దుంకుత" అని ఒకటే పోరు. నడవలేని మనిషి ఏట్లోకి దూకేదెట్లాగో అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. ఆమెను ఎత్తి దించడానికి బలమైన ఆడమనిషి కావలసి వచ్చింది. జొన్నబస్తా ఎత్తే చేతులు మోతీబాయివి.

"బందరు కాలవకేనా సేటూ పోయేది?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. అవునన్నాడు. "గాడ నా బిడ్డ ఉన్నది. తాంబూలాలయినంక నన్ను ఇడిసిపెడితే ఎతుక్కుంట" అన్నది. అట్లాగేనన్నాడు. సోమ్లాకు గంజి పొయ్యమని పక్క గుడిసెవాళ్ళకు అప్పజెప్పి బయలుదేరింది.

వాడపల్లి రేవులో పడవ ఎక్కబోతుండగా సుగుణమ్మ ఆపింది. చెడ్డ మనిషేం కాదు, భయస్తురాలు. కొడుక్కు కుదిరిన సంబంధం ఒకటి అప్పటికే తప్పిపోయింది. పోయినసారి బయలుదేరుతుంటే వీధిలో శవం ఎదురైందని ఆమెకు మనసులో పీకుతూనే ఉంది. మిర్యాలగూడెం బజారులో లంబాడీ ఆడవాళ్ళు కలుసుకొని ఏడవడం కూడా చూసింది. వినే చెవులకు అది సావు ఏడుపే మరి.

"సూడు మోతీ, మీ ఏడుపుల సంగతి నాకెరికే. మేము శుభమాని పోతున్నం. తాంబూలాలు అయ్యేదాంక నీ నోట్లకెల్లి ఆ ఏడుపు రావద్దు. ఒట్టెయ్."

మోతీబాయికి నవ్వొచ్చింది. "నీళ్ళ మీద నన్ను పట్టుకొని ఏడ్సేటందుకు నాకెవరున్నరమ్మా, ఏట్ల ఈదే చాపలా?"

"నవ్వుడు గాదు. నీ బిడ్డ మీద ఒట్టెయ్."

బిడ్డను కలుసుకునేది ఎట్లాగూ తాంబూలాల తర్వాతే కదా. మోతీబాయి వంగి కృష్ణలో చెయ్యి ముంచి, "నా సక్కు మీద ఒట్టమ్మా, తాంబూలాలు అయ్యేదాంక ఏడ్వ" అన్నది. పిచ్చి మొద్దు! వెయ్యడానికి ఇంకేం ఒట్లు లేనట్టు.

పడవ కదిలింది. ఇక చూడండి ఆవిడ అవస్థ. పుట్టి బుద్ధెరిగాక ఊరికే కూర్చున్న మనిషి కాదు. ఇక్కడేమో కృష్ణమ్మను పొద్దున దించి, స్నానం చేయించి, ఎక్కిస్తే అయిపాయె. వంట గిన్నెలు ముట్టుకోనివ్వరు. పడవ నడపడానికి సరంగు, గెడలవాళ్ళు ఉన్నారు. సేటు, ఆయన బావమరది పచ్చీసు ఆడుకుంటారు. సుగుణమ్మ వడియాలు వేయించి పంచుతుంది. గట్లు వెనక్కి పోతుంటాయి. చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చోవడం మోతీబాయికి దొంగతనంలా తోచింది. కట్టెలు కొట్టవలసిన పొద్దులో తాను కొండలు చూస్తున్నది! మంచం మీద సోమ్లాకు ఎవరు పక్క మారుస్తున్నారో. ఒక పూట ఉండబట్టలేక పడవలోకి ఊరే నీళ్ళు తోడిపోసే పని తెచ్చుకుంది. గెడలవాళ్ళు నవ్వారు.

కృష్ణమ్మ ఒక్కతే ఆవిడతో మాట్లాడేది. ముసలామెకు నోరు ఊరుకోదు. "ఏందే మోతీ, ముడుసుకొని కూసున్నవ్? ఇంట్ల పొయ్యి మీద పాలుపెట్టి వచ్చినవా?" అని ఎగతాళి చేసేది. మోతీబాయి బిడ్డ సంగతి కొంచెం కొంచెంగా చెప్పుకుంది. అన్నీ చెప్పింది గానీ, తానన్న మాట మాత్రం చెప్పలేకపోయింది. చెప్పబోయిన ప్రతిసారీ ఏడుపు రాకూడదని నోరు మూసుకునేది.

అమరావతి రేవులో దిగితే పిల్లలు చుట్టూ మూగారు. అద్దాల రవికె, రంగుల లంగా చూసి ఒకావిడ చెయ్యి చాపి, "ఏమ్మా, సోది చెబుతావా? మా అబ్బాయికి ఎప్పుడు తగ్గుద్దో చెప్పు" అన్నది. నాకు రాదమ్మా అంటే నమ్మలేదు. ఇంకొకామె తన పిల్లను కొంగు చాటుకు లాక్కుంది. మోతీబాయికి అవమానం కన్నా దిగులెక్కువైంది. ఈ సీమలో తన బిడ్డను కూడా ఇట్లాగే చూస్తున్నారు కాబోలు, సంకలో పిల్లతో ఎట్లా పడుతున్నదో అనుకుంది. మూడు పూటలా తెల్లన్నం తిని తిని కడుపు ఒప్పుకోలేదు. జొన్నరొట్టె ఉందా అని అడిగితే రేవు ఒడ్డు అంగడివాడు, "మా వైపు అవి పశువులు తింటాయమ్మా" అన్నాడు.

బెజవాడ ఆనకట్ట దగ్గర కృష్ణ సముద్రంలా నిండి ఉంది. అక్కడ పడవ కాలవలోకి తిరిగింది. అక్కడినుంచి అంతా నీళ్ళే. పొలాల్లో నీళ్ళు, ఇళ్ళ ముందు నీళ్ళు, గేదెల మెడల దాకా నీళ్ళు. కనుచూపు మేర పచ్చ తప్ప రాయన్నది లేదు. మోతీబాయి వచ్చిన దిక్కుకు తిరిగి చూసింది. తర్వాత కృష్ణమ్మతో, "అవ్వా, ఈ నీళ్ళన్ని మా తండా ముంగటికెల్లే వచ్చినయి గద. మా కడవలకు ఎన్నడు ఎక్కకపాయె" అన్నది.

ఆ రోజు మధ్యాహ్నం పడవ ఒక లాకు దగ్గరికి వచ్చింది. కాలవ అక్కడ ఎత్తునుంచి పల్లానికి దిగుతుంది. రెండు పెద్ద తలుపుల మధ్య రాతిగోడల తొట్టిలో పడవను నిలిపి, కింది తూములు ఎత్తి నీళ్ళు వదిలేస్తారు. నీళ్ళతోపాటు పడవా కిందికి దిగుతుంది. అప్పుడు కింది తలుపు తెరుస్తారు. కృష్ణమ్మ గూట్లో నిద్రపోతున్నది. మోతీబాయి బయట అంచున కూర్చుంది. తొట్టిలోకి వచ్చినప్పుడు పడవ, గట్టు ఒక ఎత్తులో ఉన్నాయి. గట్టు మీద ఆడవాళ్ళు మట్టి తట్టలు మోస్తున్నారు. అద్దాల రవికెలు ఎండకు మెరిశాయి. మోతీబాయి అంచు పట్టుకొని లేచి నిలబడింది. ఫకీరా ఇంకా కిందన్నాడే, సముద్రం దిక్కన్నాడే!

వాళ్ళలో ఒకతె తట్ట కింద పడేసింది. చంకలో పిల్లతో పరుగెత్తుకొచ్చింది. సక్కుబాయి! చిక్కి సగమైంది. ఎండకు మొఖం మాడిపోయింది. వచ్చి గట్టు చివర మోకాళ్ళ మీద కూలబడి, పిల్లను పక్కన దించి, రెండు చేతులూ చాచింది. అందే దూరమే. "యా...డీ..." అని రాగమెత్తింది. తల్లి నేర్పిన రాగమే. వెనక ముఠా ఆడవాళ్ళంతా తట్టలు దించి నిలబడ్డారు. ఇక మోతీబాయి అందుకోవాలి.

"ఏందది? ఎవరు సచ్చిన్రు?" అని సుగుణమ్మ గూట్లోనుంచి బయటికి ఉరికింది. గట్టు మీద చేతులు చాచినదాన్ని చూసింది, మోతీబాయిని చూసింది. మొఖం పాలిపోయింది. "మోతీ! ఒట్టు! నీ బిడ్డ మీద ఒట్టేసినవ్!"

ఏడుపు గొంతుదాకా వచ్చింది. వస్తే ఆగే ఏడుపా అది? ఎన్ని నెలలది! కానీ నోరు తెరిస్తే ఆ ఒట్టు తగిలేది ఎవరికి? ఎదురుగా చేతులు చాచిన ఈ బిడ్డకే. పక్కన మట్టిలో పసిగుడ్డును పెట్టుకొని కూర్చున్న దీనికే. మోతీబాయి పళ్ళ మధ్య పెదవి బిగబట్టింది, నెత్తురు వచ్చింది. సక్కుబాయి రెండోసారి ఎత్తుకుంది. "యా...డీ..." తల్లి మొఖంలోకి చూస్తూ, భయంభయంగా.

ఏదో ఒకటి అనాలి. ఊరకే నిలబడకూడదు. మోతీబాయి బలవంతాన నోరు పెగల్చుకుంది. వచ్చిన మాటేమిటో తెలుసా?

"బాగున్నవా, సక్కూ?"

ఛీ, ఆ నోరు పడిపోను! పరాయిదాన్ని అడిగినట్టు అడిగింది. సక్కుబాయి రాగం అక్కడికక్కడే తెగిపోయింది. చాచిన చేతులు ఒళ్ళోకి పడ్డాయి. అదే క్షణాన కింద తూములు లేచాయి. నీళ్ళు హోరుమని అరిచాయి. పడవ దిగడం మొదలైంది. మోతీబాయికి పడవ మునుగుతున్నదేమో అనిపించింది. గోడ పట్టుకోబోతే పాచికి చెయ్యి జారింది. "ఒట్టేసిన బిడ్డా! నీ మీద ఒట్టేసిన! మల్ల వస్త!" అని గొంతు చించుకొని అరిచింది. ఆ హోరులో తన మాట తనకే వినపడలేదు. పైన సక్కుబాయి లేచి నిలబడింది. పిల్లను చంకనేసుకుంది. పరాయివాళ్ళ ముందు లాగినట్టు ముసుగు మొఖం మీదికి లాక్కుంది. పడవ గోడల మధ్య ఇంకా కిందికి దిగింది. చివరికి గట్టు మీద మనుషులెవరూ కనపడలేదు.

కింది తలుపు తెరుచుకుంది. తాడు లాగేవాళ్ళు పడవను బయటికి లాగారు. ఈ గోలకు కృష్ణమ్మ లేచింది. "ఎవరే, ఎవరో ఏడ్సినట్టాయె?"

"నా బిడ్డ అవ్వా."

"అయ్యో, మరి దిగవేందే ముండా!"

మోతీబాయి ఒట్టు సంగతి చెప్పింది. ఫకీరాతో తానన్న మాట కూడా అప్పుడే చెప్పింది. ముసలామె నుదురు కొట్టుకుంది. "ఒట్టు తీసి గట్టు మీద పెడితే పోయేదే, పిచ్చిదానా!"

"గట్టు మీద నా బిడ్డే ఉండె గదవ్వా" అన్నది మోతీబాయి.

కృష్ణమ్మ కోడలిని నోటికొచ్చినట్టు తిట్టింది. సుగుణమ్మ తల వంచుకుంది. చంద్రమౌళి పడవ ఆపిస్తానన్నాడు. మోతీబాయే వద్దన్నది. ఆపి ఏం లాభం? తాంబూలాలు అయ్యేదాకా ఏడవకూడదు. ఏడవకుండా పోయి బిడ్డ ముందు నిలబడితే ఆ మాటే మళ్ళీ అన్నట్టవుతుంది. "రేపు అయిపోతది గదా సేటూ. అయిపోంగనే ఉరుకుత. ఆళ్ళ గుడిసెలు గాడనే ఉన్నయి, యాడికి పోతరు" అన్నది. అట్లా తనకు తానే నచ్చజెప్పుకుంది.

ఆ ఊళ్ళో తాంబూలాలు మర్నాడు పొద్దెక్కాక జరిగాయి. మోతీబాయి పశువుల కొట్టంలో కూర్చొని మనసులోనే ఏడుపు అల్లుకుంది. నా నోరు కాలిపోను బిడ్డా అని మొదలుపెట్టాలి. నీ బాపు నిజం చెప్పినాడని చెప్పాలి. నీ బిడ్డను నేనింకా ఎత్తుకోలేదని, ఆడో మగో కూడా తెలియదని చెప్పాలి. ఒక్కొక్క మాటా ఏరి, రాగంలో పేర్చి పెట్టుకుంది. తన బతుకులో అంత మంచి ఏడుపు ఎన్నడూ అల్లలేదు. లోపల సన్నాయి ఆగిందో లేదో లేచింది. విస్తరి ముందు కూర్చోమంటే వినలేదు. కాలవ గట్టు పట్టుకొని పరుగో నడకో తెలియకుండా పోయింది. ఎండ దిగే వేళకు లాకు చేరింది.

గట్టు మీద ఎవరూ లేరు. గుడిసెలు విప్పేసిన చోట గుంజల గుంతలు, ఆరిన పొయ్యిలు ఉన్నాయి. ఒక మూల కాలికి గుడ్డ కట్టుకున్న ముసలావిడ ఒకతే సామాను కాపలా కూర్చుంది. ముఠాలోదే, పేరు సీతాబాయి. మోతీబాయిని ఎగాదిగా చూసింది. తండా మనిషి కనపడితే మామూలుగా లేచి పట్టుకొని ఏడవాలి. ఆవిడ లేవలేదు.

"నువ్వేనా సక్కు తల్లివి?" అని వాళ్ళ భాషలోనే అడిగింది.

"అవును. అదేది? యాడికి పోయిన్రు?"

"గుత్తేదారు పొద్దున్నే పడవలెక్కించి గోదారి దిక్కు తీసుకపోయిండు. యాడికో నాకు చెప్పలే. నా కోసం బండొస్తది."

"నిన్న నాకు ఒట్టుండె అవ్వా. బిడ్డ మీద ఒట్టు. ఏడ్వరాకపాయె. పైకి అరిసి చెప్పిన..."

సీతాబాయి గుడ్డ కట్టిన కాలు పక్కకు జరుపుకొని ఆవిడకు చోటిచ్చింది. "అరిసినవని అన్నది. ఏందో తెల్వలే, తిట్టింది గావచ్చు అన్నది" అని ఆగింది. "పిల్లను నా ఒళ్ళ పడేసి, జుట్టు ఇరబోసుకొని కూసున్నది. మేమంత చుట్టు కూసున్నం. నిన్ను ఏడ్సింది."

"నన్నా?"

"సచ్చినోళ్ళను ఏడ్సినట్టు ఏడ్సింది. నీ పాల కాడికెల్లి నీ చేతుల దాంక అన్ని చెప్పి ఏడ్సింది. మా ముఠాల అసొంటి ఏడుపు ఎవ్వరం ఇనలే. యాడ నేర్చినవే అని అడిగితె నా తల్లి నేర్పింది అన్నది. ఇగ లేచి కాలవల మునిగి వచ్చి రొట్టెలు చేసింది." సీతాబాయి చెయ్యి చాపి మోతీబాయి మోకాలి మీద పెట్టింది. "ఎతుక్కుంట పోకు బిడ్డా. సచ్చినోళ్ళను ఒక్కపారే ఏడుస్తం. నువ్వు ఎదురుపడ్డా అది నిన్ను పట్టుకోదు."

ఒట్టు తీరిపోయింది. ఇక ఎంతైనా ఏడవొచ్చు. మోతీబాయి ఆ ఖాళీ గట్టు మీద కూర్చొని నోరు తెరిచింది. రాగం రాలేదు. అల్లి పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ పైకి లేవలేదు. ఆ ఏడుపుకు ఇద్దరు కావాలి. పట్టుకోవడానికి ఒక మెడ కావాలి. అవి లేకుండా అది ఎట్లా వస్తుంది?

మర్నాడు సేటు పడవ తిరిగి వచ్చేసరికి అక్కడే కూర్చొని ఉంది. కృష్ణమ్మ ఆవిడ మొఖం చూడగానే అర్థం చేసుకొని పడవలోకి రమ్మని చెయ్యి చాపింది. సుగుణమ్మ దగ్గరికొచ్చి, "నాకేం తెల్సు మోతీ, నాకేం తెల్సు" అని వెక్కి వెక్కి ఏడ్చింది. "మీదేం తప్పమ్మా. బిడ్డ లేదని అన్నదీ నా నోరే, ఒట్టేసిందీ నా నోరే" అన్నది మోతీబాయి. ముసలామెను ఎత్తి పడవ దించింది, బెజవాడలో బస్సు ఎక్కించింది. కోదాడ, సూర్యాపేట దాటి మిర్యాలగూడెం చేరారు. అక్కడ ముసలామెను ఇంటి అరుగు మీద దించి, కొంగు దులుపుకొని తండాకు నడిచింది.

తండా చేరేసరికి దీపాలు పెట్టే వేళ. సోమ్లా మంచం మీద మోచేతుల మీద లేచి కూర్చున్నాడు. అన్ని రోజులూ గుడిసె వాకిలి వంకే చూస్తున్నాడని పక్కవాళ్ళు చెప్పారు.

"కలిసిందా?" అన్నాడు.

"కలిసింది."

"ఏడ్సిందా?"

"ఏడ్సింది. మస్తు ఏడ్సింది" అన్నది. అబద్ధం కాదు కదా మరి.

సోమ్లా కళ్ళు తుడుచుకున్నాడు. ఎన్నాళ్ళకో వాడి మొఖంలో నెత్తురు కనపడింది. "ఏమని ఏడ్సిందే? చెప్పు, నాకు చెప్పు. నన్ను తలిసిందా?"

మోతీబాయి మంచం కోడు పట్టుకొని కూర్చుంది. సక్కుబాయి గొంతు తన గొంతులోకి తెచ్చుకొని సన్నగా ఎత్తుకుంది. బాపూ నన్ను కొట్టి పంపినవు, ఆ కట్టె దెబ్బే నన్ను బతికించింది, అని ఏడ్చింది. ఎడ్లు అమ్మలేదు బాపూ, అన్నది. పిల్లగానికి నీ ముక్కే వచ్చింది, అన్నది. ఒక్కొక్కటీ కల్పించి చెబుతుంటే సోమ్లా ప్రతిదానికీ తల ఊపాడు. మధ్యలో పిల్లగాడా అని మురిసిపోయాడు. ఏడుపు ఆగాక మోచేతులు వదిలి వెనక్కి వాలాడు.

"నా బిడ్డ మంచిగ ఏడ్సింది. మరి నువ్వేమని అందుకున్నవ్? ఇగ నీది ఎత్తుకో, నేను ఇంట" అన్నాడు.

మోతీబాయి నోరు తెరిచింది. సోమ్లా కళ్ళు మూసుకొని ఎదురుచూశాడు. పక్క గుడిసెలో ఎవరో పశువును అదిలిస్తున్నారు. ఆవిడ తెరిచిన నోరు మూసుకొని లేచింది. పొయ్యి దగ్గరికి పోయి, మొగుడికి వీపు పెట్టి కూర్చొని, జొన్నపిండిలో నీళ్ళు పోసి పిసకడం మొదలుపెట్టింది.